రెండు కంప్యూటర్ల మధ్య ఒక తీగ

స్వర్ణోత్సవ సావనీరుకు ఏదైనా రాయమన్నప్పుడు, ఇంచుమించు మన బడి వయసే ఉన్న ఒక ఆట గురించి రాయాలనిపించింది.

1995లో నేను హైదరాబాదులో కొత్తగా ఉద్యోగంలో చేరాను. రాత్రి పని అయ్యాక మిత్రుడూ నేనూ రెండు కంప్యూటర్లను సీరియల్ కేబుల్‌తో కలిపి ‘డూమ్’ ఆడేవాళ్లం. తెరమీద తుపాకీ పట్టిన చేతులే కనిపిస్తాయి, చూసే కళ్లు మనవి. ఇలాంటి ఆటల్ని ఫస్ట్ పర్సన్ షూటర్లు అంటారు. వీటికి మూలం 1990ల నాటి ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్లేనని చాలా ఏళ్లు నమ్మాను. కేబుల్ కలిపిన ఘనత మాది అనుకున్నాను కూడా!

అసలు కథ 1973లో, కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రంలో మొదలైంది. స్టీవ్ కాలీ, గ్రెగ్ థాంప్సన్, హోవర్డ్ పామర్ అక్కడ చదువుకుంటూ పనిచేసే పథకంలో చేరిన హైస్కూలు పిల్లలు. వాళ్ల చేతికొచ్చిన యంత్రం ఇమ్లాక్ పీడీఎస్-1. దాని తెర మీద బొమ్మ టీవీలోలా వరుసలు వరుసలుగా నిండదు. పెన్సిలుతో గీసినట్టు నేరుగా గీతలు పడతాయి. ఆ గీతలతో కాలీ ఒక చిక్కుదారి గీశాడు. పొడవాటి వరండాలో నిలబడితే గోడలు పోనుపోను దగ్గరైనట్టు కనిపిస్తాయే, అలా. అడ్డుగోడ వెనకాల గీతలు కనిపించకూడదు కదా, ఆ లెక్క చిన్న యంత్రానికి బరువు. అందుకే మలుపులన్నీ 90 డిగ్రీలే, నడక ఒక్కో గడే. ఇంజనీరుగా నాకు బాగా నచ్చింది ఈ పొదుపే.

ఊరికే దారి వెతుక్కోవడం కొన్నాళ్లకు విసుగనిపించింది. రెండు ఇమ్లాక్‌లను తీగతో కలిపి, ఒకరికొకరు ఎదురుపడేలా చేశారు. కాల్చడం ఆ తర్వాత వచ్చింది. 1974లో థాంప్సన్ ఎంఐటీకి వెళ్తూ ఆటను వెంట తీసుకెళ్లాడు. అక్కడ డేవ్ లెబ్లింగ్‌తో కలిసి, పీడీపీ-10 కంప్యూటరు ద్వారా ఎనిమిది మంది దాకా ఆడేలా పెంచాడు. అదే ఏడాది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ప్లేటో వ్యవస్థ మీద జిమ్ బోవరీ ‘స్పేసిమ్’ రాశాడు. 32 మంది అంతరిక్ష నౌకలతో పోరాడే ఆట అది. ఏది ముందన్న వాదన ఇంకా ఉంది. నా ఓటు చిక్కుదారికే. మూల తిరిగితే ఎవరుంటారోనన్న గుబులు అందులోదే.

ఇది తెలిసినప్పుడు మన సైన్సు మాస్టారు గుర్తొచ్చారు. సెలవుల్లో ల్యాబు తాళంచెవి మాకిచ్చి, “బ్యాటరీలు జాగ్రత్తరా” అని మాత్రం చెప్పి వెళ్లేవారు. ఒక ఆదివారం రెండు తరగతి గదుల మధ్య రాగితీగ లాగి, బజరుతో సాయంత్రం దాకా సంకేతాలు పంపుకున్నాం. బ్యాటరీలన్నీ అయిపోయాయి. సోమవారం మాస్టారు ఏమీ అనకుండా కొత్తవి తెచ్చి అలమరలో పెట్టారు.