నిర్బంధ సైనిక సేవ – ఆ మాటకు అర్థము

నిర్బంధ సైనిక సేవ యనగానే మనకు మొదట స్ఫురించునది నిర్బంధమే. కాని ఐరోపా భాషలలో దీనికి గల 'కన్‌స్క్రిప్షన్' అను పేరులో బలాత్కారమను అర్థము లేదు. లాటిను నుండి వచ్చిన ఆ పదమునకు పేర్లను ఒక్కచోట చేర్చి వ్రాయుట యని అర్థము. అనగా అదియొక పట్టిక. ఆ పట్టికలో ఎవరి పేరు నిలుచును, ఎవరి పేరు తొలగును అనునదే దీని చరిత్రలో ముఖ్యాంశము.

రాజులు ప్రజలను బలవంతముగా దండులో చేర్చుకొనుట ప్రాచీనమే. పౌరుడైన ప్రతివాడును దేశరక్షణకు బద్ధుడను సూత్రమును శాసనముగా నిలిపినది మాత్రము ఫ్రెంచి విప్లవము. శత్రుసేనలు నలువైపుల ముట్టడించియుండగా, 1793 ఆగస్టు 23న విప్లవ ప్రభుత్వము జనులనందఱను యుద్ధకార్యమునకు పిలిచెను. అది ఆపద్ధర్మము. 1798 సెప్టెంబరులో జూర్దాన్ సేనాని పేర వెలసిన చట్టము దానిని స్థిరపఱచెను. 20 ఏండ్లు నిండి 25 దాటని యువకుల పేర్లు, పుట్టిన సంవత్సరమునుబట్టి ఐదు తరగతులుగా పట్టికకెక్కెను.

అయితే రెండేండ్లయినను తిరుగకమున్నే, 1800లో, తనకు బదులుగా వేఱొకనిని పంపుటకు చట్టము త్రోవ చూపెను. 1818 నాటి శాసనము చీట్లు వేసి ఆరేండ్ల సేవకు ఎవరు పోవలెనో తేల్చెను. చీటి ఎదురు తిరిగినను కలవారి బిడ్డ బదులు మనిషిని కుదుర్చుకొని యింటనే యుండెను. లేనివారి బిడ్డ దండుకు పోయెను.

అమెరికా అంతర్యుద్ధమునను ఇదే కథ. 1863లో ఉత్తర రాష్ట్రముల ప్రభుత్వము 300 డాలర్లు చెల్లించినవానిని విడిచిపెట్టెను. కూలివానికి అది కొన్ని నెలల కష్టార్జితము. ఆ జులైలో న్యూయార్కున అల్లరులు చెలరేగెను; పేదల కోపము ఏ పాపమునెఱుగని నల్లజాతివారిపైకి మళ్లి పెక్కుమంది ప్రాణములు తీసెను.

ప్రష్యా 1814లోనే బదులు మనుష్యులను నిషేధించెను. 1870 యుద్ధమున ఆ సేనలచేత ఓడిన పిదప ఫ్రాన్సు మేలుకొని, 1872లో బదులు పద్ధతిని, 1905లో చీట్ల పద్ధతిని మాన్పెను.

మన దేశ సైన్యము స్వచ్ఛందముగా చేరినవారిది. అయినను మన రాజ్యాంగపు 23వ అధికరణము, ప్రజాప్రయోజనార్థము రాజ్యము నిర్బంధ సేవను విధింపవచ్చునని చెప్పుచు, కేవలము మత, జాతి, కుల, వర్గ కారణములచే భేదము చూపరాదని కట్టడి చేసినది. ప్రాణమునొడ్డుమని పౌరుని కోరుటకు రాజ్యమునకు హక్కు కలదా యను వాదము నేటికిని ముగియలేదు. కోరునెడల మాత్రము, అందఱిని ఒక్క కొలతతోనే కోరవలెనని మనమనవచ్చును.