విశాఖ తీరమున పుట్టిన పేర్లు

చలి ముదిరి గోదావరిలో నీరు తగ్గినప్పుడు గోదావరిఖని దాపున ఇసుకతిన్నెలు బయటపడును. వానిపై జంటలుగా వ్రాలు పసుపువన్నె బాతులే మన కవులకు ప్రియమైన చక్రవాకములు. అవి హిమాలయముల ఆవలనుండి వచ్చిన శీతకాలపు అతిథులు. గనిలో షిఫ్టు ముగించుకొని గట్టుమీదికి వచ్చినవారికి ఈ దృశ్యమునకై వ్యయమేమియు లేదు. ఇదే నది వెంబడి సముద్రమువరకు పోయినచో కోరంగి మడ అడవులచెంత బురదనేలలపై ఉల్లంకి పిట్టలు గుంపులు గుంపులుగా మేయుచుండును. అచటినుండి ఉత్తరముగా విశాఖ చేరినచో, అలల నడుమ మఱియొక ప్రాణి నల్లని వీపు క్షణకాలము మెరసి మాయమగును.

ఆ వీపుగల ప్రాణుల చరిత్రలో మన తీరమునకు గొప్ప స్థానము కలదు. అది మనకే సరిగా తెలియదు.

అమరావతి శిల్పములను 1845లో త్రవ్వించిన వాల్టర్ ఎలియట్ దొరను చరిత్ర చదివినవారు ఎఱుగుదురు. ఉత్తర సర్కారుల కమిషనరుగా 1854 వఱకు పనిచేసిన ఆయనకు రాళ్లు, నాణెములే గాక జంతువులన్నను మక్కువ మెండు. విశాఖ రేవున జాలరులు పట్టిన సముద్ర జంతువులకు చిత్రములు వ్రాయించి, పుఱ్ఱెలు భద్రపఱచి, ఇంగ్లండుకు చేర్చెను. ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ వానిని పరీక్షించి 1866లో ఒక వ్యాసము ప్రకటించెను.

ఆ వ్యాసమున రెండు జాతులు లోకమునకు తొలిసారి పరిచయమైనవి. మొదటిది 1852లో విశాఖ రేవున దొరకిన గుండ్రని తల డాల్ఫిను. పొట్టి మూతిని బట్టి ఓవెన్ దానిని బ్రెవిరోస్ట్రిస్ అనెను. నేడు లోకము దానిని బర్మా నది పేర ఐరావతి డాల్ఫిను అని పిలుచుచున్నది. పుట్టిన ఊరొకటి, ఇంటిపేరొకటి! రెండవది 1853లో వాల్తేరున దొరకిన మరుగుజ్జు స్పెర్మ్ తిమింగలము. పండితులు దీనిని చిరకాలము వేఱొక జాతిలో కలిపివేసిరి. 1966లో గాని అది ప్రత్యేక జాతియని మరల స్థిరపడలేదు. సరిగా నూఱేండ్లు!

నాకు వీనికంటె ముచ్చటైనది మఱియొకటి. విశాఖ జాలరులు ఒక డాల్ఫినును ‘గాదము’ అనుచుండిరి. ఓవెన్ ఆ మాటనే లాటిన్ పేరున నిలిపి డెల్ఫినస్ గదము అని వ్రాసెను. మచ్చలుగల మఱియొక దానికి ‘బొల్ల గాదిమి’ అను తెలుగుపేరు గ్రంథములకెక్కెను. కాని తరువాత గదము వేఱు జాతి కాదని తేలి, ఆ పేరు పర్యాయపదముగా మాత్రము మిగిలినది. ఎలియట్, ఓవెన్‌ల పేర్లు నిలిచినవి. వల వేసిన చేతుల పేర్లు ఎచటను లేవు.

పక్షుల విషయమున తెలుగుమాటకు కొంత మేలే జరిగినది. నెల్లూరున వైద్యుడుగా ఉండిన జెర్డన్ 1862–64 నడుమ ప్రకటించిన భారత పక్షుల గ్రంథమున తెలుగు పేర్లను గూడ చేర్చెను.

ఐరావతి డాల్ఫిను 2017నుండి అంతరించు ప్రమాదమునందున్న జాతిగా లెక్కకెక్కినది. వలలలో చిక్కి ఊపిరాడక చచ్చుట దీనికి ముఖ్య కారణము. నీట నుండియు గాలి పీల్చు ప్రాణి గదా! విశాఖకు ఉత్తరమున ఒడిశాలోని చిలక సరస్సున ఇంకను నూటయేబదికి అటునిటుగా కలవు. శీతకాలపు ప్రశాంతమైన ఉదయములందు పడవలు బారులు తీరి, నీటిపై తేలు వీపులను అచట లెక్కింతురు.