విప్పి కడిగే చాకు

స్విట్జర్లాండ్ సైన్యం 1889లో ష్మిట్-రూబిన్ అనే కొత్త రైఫిల్ తెచ్చుకుంది. దాన్ని విప్పి తుడవాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. తిండి డబ్బా కోయడానికి ఇంకో పనిముట్టు కావాలి. రెండూ ఒకే పిడిలో ఉంటే సిపాయికి బరువు తగ్గుతుందని మడత చాకు చేయించారు. మొదటి దఫా సరుకు జర్మనీలోని సోలింగెన్ నుంచి వచ్చింది. 1891లో ఇబాక్ ఊరి చాకుల పనివాడు కార్ల్ ఎల్సెనర్ స్వదేశంలోనే తయారుచేసి ఇవ్వడం మొదలుపెట్టాడు. నేటి విక్టోరినాక్స్ ఆయన పెట్టిన సంస్థే. తుపాకీని విప్పడానికి పుట్టిన ఆ చాకును మాత్రం ఇంట్లో విప్పే దారి లేదు. దాని అరలన్నీ రివిట్లతో బిగించి ఉంటాయి.

ఎల్సెనర్‌ను తప్పుపట్టి లాభం లేదు. అప్పటికి దాదాపు రెండు వేల నాలుగు వందల ఏళ్లుగా మడత చాకు ఇరుసంటే ఒకసారి కొట్టి వదిలేసే మేకే. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో ఎముక పిడితో దొరికిన మడత చాకు క్రీ.పూ. 6వ శతాబ్దం నాటిదంటారు. కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో క్రీ.శ. 3వ శతాబ్దపు రోమన్ మడత పనిముట్టు ఒకటి ఉంది. అందులో చెంచా, ఫోర్కు, మొన, చాకు అన్నీ ఉన్నాయి. వెండి భాగాలు ఇంకా నిలిచే ఉన్నాయి గానీ ఇనుప అలుగును తుప్పు తినేసింది. అది మట్టిలో గడిపిన కాలం ఎక్కువే. అయితే చాకు చెడేది మట్టిలోనే కాదు, జేబులోనూ చెడుతుంది. పండు రసం, చెమట, జేబులోని నూలుపోగులు ఇరుసు చుట్టూ చేరతాయి. గుడ్డ కొస అక్కడిదాకా వెళ్లదు.

17వ శతాబ్దంలో షెఫీల్డ్ పనివాళ్లు పిడి వీపున ఉక్కు స్ప్రింగు పట్టీ అమర్చడంతో కడగడం మరీ కష్టమైంది. అలుగు తెరిచినప్పుడు టక్కున నిలబడేది, మూసినప్పుడు లోపలే ఉండేది. వాడేవాడికి సుఖంగానే ఉంది. కానీ స్ప్రింగు ఎప్పుడూ బిగువులోనే ఉంటుంది కాబట్టి, దాన్ని అదిమిపట్టి రివిట్టు దించడం పనివాడికే చాతనవుతుంది. ఒకసారి ఊడదీస్తే ఇంట్లో మళ్లీ కూర్చలేం. చాకు తెరవకూడని వస్తువుగా మారడానికి అలవాటు కంటే ఈ స్ప్రింగే పెద్ద కారణమని నా అభిప్రాయం.

మన మంగలి కత్తి కూడా మడతదే. ఒక్క రివిట్టు, రెండు పలకలు, మధ్యలో ఖాళీ. సెలూన్లు ఆ చిక్కును మరో దారిలో తీర్చుకున్నాయి. అలుగును కడిగే బదులు, సగానికి విరిచిన బ్లేడు తొడిగి, పని కాగానే పారేస్తున్నాయి.

విప్పే అవసరాన్ని కొంతకాలం వాయిదా వేసింది స్టెయిన్‌లెస్ ఉక్కు. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ క్రోమియం కలిపిన ఉక్కు పోశాడు. 1921కల్లా ఎల్సెనర్ సంస్థ ఆ ఉక్కును తన పేరులోనే చేర్చుకుంది. తుప్పు భయం తగ్గింది, పోలేదు. ఉప్పునీళ్లు నిలిచే సందులో స్టెయిన్‌లెస్‌కైనా మచ్చలు పడతాయి. ఇక మామిడి జీడికి ఏ ఉక్కైనా ఒకటే.

లోపల ఏమీ దాచుకోకపోవడం ఇంకో మార్గం. ఫ్రాన్స్‌లోని సవోయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన రైతు చాకులో స్ప్రింగే లేదు. బీచ్ కర్ర పిడిలో గాడి, ఒక అలుగు, ఒక రివిట్టు. అంతే. 1897కల్లా దాన్ని 1 నుంచి 12 దాకా సైజుల్లో అమ్మారు. అలుగు జారకుండా తిప్పి ఆపే ఉక్కు ఉంగరం 1955లో వచ్చింది. గాడి సూటిగా కనబడుతుంది కనుక పుల్లకు గుడ్డ చుట్టి తుడవొచ్చు. కాకపోతే తడిస్తే కర్ర ఉబ్బి అలుగును పట్టేస్తుంది. అప్పుడు పిడి చివరను బల్లమీద కొడితే అలుగు బయటికొస్తుంది. సవోయ్ వాళ్ల చిట్కా అది. న్యూజిలాండ్‌లో తయారయ్యే స్వోర్డ్ పెజంట్ చాకు ఇదే జాతిది. రివిట్టు బదులు స్క్రూలు వాడతారు కాబట్టి దాన్ని ఇంట్లోనే విప్పొచ్చు.

అసలు మలుపు అమెరికాలో వచ్చింది. 1980 ప్రాంతంలో మైకేల్ వాకర్ లైనర్ లాకుకు కొత్త రూపమిచ్చాడు. పిడి లోపలి పల్చటి రేకునే ఒక పక్క చీల్చి వంచితే అదే స్ప్రింగు, అదే తాళం. వీపున బిగువు స్ప్రింగు లేదు గనుక పలకలు విప్పితే ఏదీ ఎగిరిపడదు. రివిట్టుకు స్క్రూ ప్రత్యామ్నాయం కావడానికి వీలు కలిగింది ఇక్కడే. 1967లో కామ్‌కార్ సంస్థ తెచ్చిన టోర్క్స్ స్క్రూలు, ఆరు కోణాల నక్షత్రపు గాడివి, చాకుల్లో చోటు చేసుకున్నాయి. దక్షిణాఫ్రికా నుంచి అమెరికాలోని ఐడహోకు వచ్చిన క్రిస్ రీవ్ ఇంకో అడుగు వేశాడు. టైటానియం పిడి పలకనే తాళంగా కోసి సెబెంజా చాకు చేశాడు. విప్పడానికి కావలసిన అలెన్ కీని చాకుతోపాటే ఇచ్చి, విప్పి కడుక్కోమన్నాడు. చాకు లోపలి భాగం మీద కొన్నవాడికి హక్కుందని అంత సూటిగా ఒప్పుకున్న తయారీదారులు అప్పటికి అరుదు. స్క్రూలు పెట్టి కూడా, విప్పితే గ్యారంటీ చెల్లదన్న కంపెనీలున్నాయి మరి.

పనిముట్టే అక్కర్లేని చాకు 2016లో వచ్చింది. హవాయి చాకుల రూపకర్త కెన్ ఆనియన్ గీసిన హోమ్‌ఫ్రంట్‌ను ఒరెగాన్‌కు చెందిన సీఆర్‌కేటీ కంపెనీ విడుదల చేసింది. ఇరుసు దగ్గరి మీట నెట్టి, పిడి చివర చక్రం తిప్పితే చాకు ముక్కలుగా చేతిలోకి వస్తుంది. ముచ్చటైన పనే. అయితే ఈ సదుపాయం ఎవరికి అవసరం? ఇసుకలో, చేపల దగ్గర, బురదలో వాడేవారికి. ఆఫీసులో జామకాయ కోసుకునేవారికి ఒపినెల్ లాంటి తెరిచిన గాడి చాలు. విప్పే గుణానికి ఎక్కువ డబ్బు పోయడం నాకు దండగగానే కనిపిస్తుంది.

విప్పేదే కావాలనుకుంటే స్క్రూలు ఎన్ని ఉన్నాయో కాదు, లోపల ఏముందో అడగాలి. కంచు వాషర్లు రెండే ఉంటే మొదటిసారి విప్పేవాడికీ బెంగ లేదు. విడి బాల్ బేరింగులుంటే ఒక గుండు మంచం కిందికి దొర్లినా వెతుక్కోవాలి. అలుగును తానే నెట్టే స్ప్రింగున్న చాకుల జోలికి పోకపోవడం మేలు. స్క్రూలకు జిగురు రాసి బిగించారేమో కనుక్కోవాలి. బలవంతంగా తిప్పితే నక్షత్రపు గాడి అరిగి గుండ్రమవుతుంది. వీలైతే దుకాణంలోనే విప్పించి, మళ్లీ బిగించి చూడాలి. మూసినప్పుడు అలుగు రెండు పలకలకూ తగలకుండా నడుమ నిలవాలి, తెరిచినప్పుడు పక్కలకు ఊగకూడదు, తాళం పూర్తిగా కూర్చోవాలి. ఇరుసు స్క్రూ చివరిదాకా బిగిస్తే అలుగు కదలకుండా పోయే చాకుల్లో, ఎంత బిగించాలో ప్రతిసారీ చేతికే తెలియాలి. ఇరుసు చుట్టూ కొలతగా కోసిన గొట్టం ఉంటే ఆ బాధ లేదు. ధర మాత్రం అక్కడే పెరుగుతుంది.