నూనెగింజల తెగుళ్ళు – మట్టిలోని మిత్రుడు

భూగర్భమందలి బొగ్గును మన కాసిపేట ప్రజలు చక్కగా నెరుగుదురు. పైనున్న జానెడు మట్టిలో జరుగు యుద్ధమును ఎరిగినవారు అరుదు. ఆ యుద్ధచరిత్రను ఈ రజతోత్సవ సంచికలో సంగ్రహముగా విన్నవించుచున్నాను.

కిరసనాయిలు రాకపూర్వము ఇంటి దీపమునకు ఆముదమే ఆధారము. అట్టి ఆముదపు పైరు ఏపుగా పెరిగి, ఉన్నట్టుండి వడలిపోవుటను రైతులు చూచియే యుందురు. దీనిని ఎండు తెగులందురు. దీనికి కారణము ఫ్యుజేరియం అను బూజు. అది ఏండ్ల తరబడి నేలలో పొంచియుండి, వేరు ద్వారా ప్రవేశించి, నీరు ప్రవహించు నాళములను మూసివేయును. వేరుశనగకు మొదలుకుళ్ళు తెచ్చునదియు నేలలోని బూజే.

1885లో ఫ్రాన్సు దేశమున మిలార్డే పండితుడు మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమమును ద్రాక్షతోటలకై ప్రకటించెను. ఆకుతెగుళ్ళకు అది దివ్యౌషధమయ్యెను. కాని ఆకుపై చల్లిన మందు వేరులోని శత్రువును చేరదు. 1918లో బట్లరు దొర మన దేశపు మొక్కల బూజుతెగుళ్ళపై ఉద్గ్రంథము వెలువరించెను. శత్రువుల పేర్లు తెలిసినవి. నేలలో వానిని గెలుచు ఉపాయము మాత్రము మిగిలియుండెను.

ముల్లును ముల్లుతోనే తీయవలెనని పెద్దల మాట. 1794లో పర్సూన్ పండితుడు ట్రైకోడెర్మా అని పేరిడిన ఆకుపచ్చని బూజు మట్టిలో సహజముగానే కలదు. అది ఇతర బూజుల పోగులను పెనవేసికొని, వాని గోడలను కరగించి, ఆహారముగా గొనును. 1932లో అమెరికాలో వైండ్లింగ్ ఈ స్వభావమును లోకమునకు వెల్లడించెను.

1977లో హైదరాబాదు నందలి రాజేంద్రనగరమున నూనెగింజల పరిశోధన సంచాలకాలయము వెలసినది. నేడది భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ. అచటి శాస్త్రజ్ఞులు ట్రైకోడెర్మాలో మేలైన రకములను ఎంచి, రైతులకు అందునట్లు సిద్ధపరచిరి.

కిలో విత్తనమునకు 10 గ్రాముల పొడి పట్టించవలెను. లేదా 2 కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తడి ఆరకుండ నీడలో పదిదినములుంచి, ఎకరమునకు చల్లవలెను. రసాయనపు బూజుమందుతో కలిపినచో మిత్రుడే మరణించును.

లెక్కలు వ్రాయువాడను గనుక ఒక లెక్క చెప్పెదను. పొడి 2 కిలోలు, ఎరువు 90 కిలోలు! మిత్రునికి అన్నము ఆ ఎరువే. పెంటకుప్పలు తరిగిపోయిన ఊరికి అంగడిలోని పొట్లమొక్కటే రక్ష కాజాలదు. ఏటేట అదే చేనిలో ఆముదమే వేయుటయు తగదు.

రాబోవు విత్తుకాలమున సగము మడిలో దీనిని ప్రయోగించి, తక్కిన సగముతో పోల్చి, ఫలితమును ఈ గ్రంథాలయపు పుస్తకమున వ్రాసియుంచుడు. స్వర్ణోత్సవ సంచిక నాటికి మన ఊరి అనుభవమే చరిత్రగా లభించును.