కీచకవధ: బొమ్మల తెరనుండి నాటకరంగమునకు

తెలుగు నాటకరంగచరిత్రను వ్రాయబూనిన పండితులలో పెక్కుమంది, రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచే ‘వ్యవహారధర్మబోధిని’ నాడించిన 1880వ సంవత్సరముతో ఆ చరిత్ర నారంభించి, ధార్వాడనుండి వచ్చిన నాటకసమాజము మనవారికి కలిగించిన ఉత్సాహమును వర్ణించి, అటుపిమ్మట బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు రచించి ప్రదర్శించిన ‘చిత్రనళీయము’ను ప్రశంసించుచు ముందునకు సాగుదురు. ఈ త్రోవ సత్యమైనదే. కాని యిది పుస్తకములు చదివినవారు నడచిన త్రోవ. దీనితో సంబంధము లేకయే, అదే దశాబ్దమున మఱియొక త్రోవ తెఱచుకొన్నది. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామమున, తరతరములుగా తోలుబొమ్మల నాడించి జీవించుచుండిన కుటుంబమువారు బొమ్మలను పెట్టెలోనే యుంచి, తామే వేషములు ధరించి, ‘కీచకవధ’ నాడిరి. మన రంగస్థలమునకు ఇది రెండవ జన్మస్థానమని నా దృఢవిశ్వాసము. దానికి దక్కవలసిన గౌరవము దక్కలేదన్న బాధయే యీ వ్యాసమునకు హేతువు.

తోలుబొమ్మలాట మనకు క్రొత్తది కాదు. పదుమూడవ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున, శివరాత్రికి శ్రీశైలమున గుమిగూడిన జనుల ఆటపాటలను పేర్కొనుచు, తెరమఱుగున బొమ్మలనాడించి భారతాదికథలను చూపువారిని కూడ స్మరించినాడు. అన్ని విద్యలవారును ఒక్కచోట చేరి ఎవరి ఆటను వారు చూపుకొనుచుండు జాతరలో బొమ్మలవారు ఒక్కొక్క ఘట్టమును మాత్రమే ఆడియుందురని ఊహించుట అసంగతము కాదు. నిలుచుండి చూచి ముందునకు పోవువానికి కీచకుని చావు కావలెను గాని విరాటుని కొలువుకూటముతో పనిలేదు. అదే ఘట్టమును గ్రామమున, గుడిముందఱ తెర కట్టి, ఊరివారు భోజనములు ముగించి చాపలు పఱచుకొని కూర్చుండిన పిమ్మట మొదలుపెట్టి కోడికూతవఱకు నడపవలసివచ్చినప్పుడు దానికి రాత్రియంత నిడివి అవసరమైనది. విరాటపర్వమును చదివించినను ఆడించినను వానలు కురియునన్న నమ్మకము మనలో చిరకాలమునుండి యున్నది గనుక, రాయలసీమవంటి కరవుసీమలో ఆ కథను సగములో ముగించి లేచిపోవుట కెవరును సమ్మతించియుండరు.

ఈ నిడివిని బొమ్మలాటవారు సాధించిన తీరు మిక్కిలి గమనింపదగినది. వారు క్రొత్త కథను తెచ్చి అతికింపలేదు. ఉన్న కథలోని ప్రతి క్షణమునకును నిలుచుటకు చోటు కల్పించిరి. ఇందుకు వారి మొదటి సాధనము ద్విపద. మూడు ఇంద్రగణములును ఒక సూర్యగణమును గల పాదములు రెండు చేరినంతనే ద్విపద పూర్తియగును. ఎన్ని ద్విపదలైనను ఒకదానివెంట నొకటి నడచిపోవును. ఎచ్చటనైనను ఆపి మాటలలోనికి దిగవచ్చును, మరల అచ్చటనుండియే ఎత్తుకొనవచ్చును. వృత్తపద్యమున కీ సౌలభ్యము లేదు. గోన బుద్ధారెడ్డి రంగనాథరామాయణము బొమ్మలాటవారికి ఇన్ని తరములు ఆధారగ్రంథమై నిలుచుటకు భక్తితోపాటు ఛందస్సు కూడ కారణమని తలంతును.

రెండవ సాధనము బొమ్మయే. మేకతోలును, దేవతామూర్తులకైనచో పూర్వము జింకతోలును, వెంట్రుకలు తీసి, వెలుతురు చొచ్చునంతవఱకు శుభ్రపఱచి, ఆకృతిని కత్తిరించి, నగలున్న చోట్ల సన్నని ఉలులతో రంధ్రములు పొడిచి, రెండువైపులను రంగులు వేసి, చేతులు కాళ్ళు విడివిడిగా చేసి కీళ్ళయొద్ద దారముతో ముడివైచి, నడుమ నిలువున ఒక బద్దను బిగింతురు. పెద్దబొమ్మలు మనుష్యుని యెత్తునకు సమీపించును. ఆటలేని బొమ్మను ఈతముళ్ళతో తెరకు గ్రుచ్చియుంతురు గనుక అది సభలో కూర్చున్నట్లే యుండును; ఆడు బొమ్మయొక్క పుల్లలు మాత్రము ఆటగాని చేతనుండును. ఆముదపు దీపములకును తెరకును నడుమ నిలిచి, కాళ్ళకు గజ్జెలు కట్టుకొని, యుద్ధము వచ్చినప్పుడు క్రిందనున్న చెక్కలను పాదముతో తాటించుచు, మద్దెలను తాళమును కనిపెట్టుచు, నోటితో పాత్రకు ప్రాణము పోయుచు, ఒకే మనుష్యుడిన్ని పనులును చేయును. స్త్రీపాత్రల మాటలను పాటలను మేళములోని స్త్రీలే యందుకొందురు. ఈ చివరి విషయమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను.

కీచకవధకు ప్రాణము వంటయింటి ఘట్టము. నిండుసభలో కీచకుడు సైరంధ్రిగా నున్న ద్రౌపదిని తన్నుట, వలలుడుగా నున్న భీముడు కోపముతో చెట్టువంక చూచుట, కంకుభట్టు మర్మముగా వారించుట, ఇవన్నియు వేగముగా గడచిపోవును. ఆ రాత్రి ద్రౌపది వంటశాలకు పోయి నిద్రించుచున్న భీముని మేల్కొల్పినంతనే వేగమంతయు నిలిచిపోవలెను. తెరపై రెండే బొమ్మలు. భీముని బొమ్మ దొడ్డది. దానిని కదల్చు పనిలేదు. ద్రౌపది బొమ్మకు ఒక్క చేయి మాత్రము మెల్లగా లేవవలెను. రాణిగారికి చందనము నూరి నూరి కాయలు కాచిన అరచేతిని ఆమె భర్తకు చూపుచున్నది. తోలుపై కాయలు కనబడవు. తెరవెనుక పాడు స్త్రీకంఠమే వానిని చూపవలెను. జూదము మొదలు నేటివఱకు పడిన పాట్లను ఆమె యొక్కటొక్కటిగా చెప్పుకొనుచుండగా, నడుమ భీముడు ఒక్క మాట, ఒక్క నిట్టూర్పు; మరల పాట. మూలకథలో కొన్ని అధ్యాయములలో ముగియు నీ సంభాషణ, ఎదుట కూర్చున్న ఆడువారి ముఖములను గుర్తెఱిగి పాడగలవారి చేతిలో ఎంతసేపైనను నిలుచును. ఇచ్చట కథ ఒక్క అడుగైనను ముందునకు జరుగదు; ప్రేక్షకుడు మాత్రము కీచకుని చావును కోరువాడై సిద్ధపడును. నర్తనశాలలో ఆ చావు ఎంత త్వరగా ముగిసినను అతనికి కొఱత తోపదు.

ఆ నర్తనశాల ఘట్టము నీడల ఆటకు వరమువంటిది. పోరు జరుగునది కటికచీకటిలో. కాని తెరవెనుక దీపము వెలుగుచునే యుండును. ముసుగుచాటున నున్నది భీముడని చూచువారికి ఆకారము చెప్పుచున్నది, కీచకునికి చెప్పుట లేదు. చీకటి యన్నది మాటలలో మాత్రమే యున్నది, కన్నులకు అడ్డము లేదు. ఇక నడుమనడుమ జుట్టుపోలిగాడును బంగారక్కయు కేతిగాడును ప్రవేశించి, ఊరి సంగతులను మేళవించి నవ్వించిపోవుదురు. వారి మాటలయందలి మోటుదనమును చూచి చదువరులు కొందఱు సిగ్గుపడి, వారిని ఆటకు పట్టిన తెగులుగా భావించిరి. నేనందులకు అంగీకరింపజాలను. గంటలకొలది దుఃఖమును పాడిన కంఠమునకు విశ్రాంతియు, దీపములలో చమురు పోయుటకు వ్యవధియు, నిద్రకు తూగుచున్న పిల్లలకు మెలకువయు వారివలననే లభించెను. వారు లేకున్నచో రాత్రియంత ఆట యసాధ్యము.

ఈ విద్యనంతయు ఎఱిగిన వనారసవారి కుటుంబము మరాఠీ మూలముగల ఆరెవారి శాఖకు చెందినది. మరాఠా సైన్యములవెంట దక్షిణమునకు తరలివచ్చి యిచ్చట స్థిరపడినవారమని ఆ కుటుంబములవారు చెప్పుకొందురు. ఇంట మరాఠీని మాటలాడుకొనుచును వారు తెరవెనుక తెలుగునే పాడిరి. సురభి గ్రామమున ఒక పెండ్లి సందర్భమున ఆటకై పిలువబడినప్పుడు వనారస గోవిందరావుగారును ఆయన బంధువర్గమును బొమ్మలకు బదులుగా తామే రంగమెక్కిరని ప్రతీతి. ఆ గ్రామము పేరే ఆ నాటకసమాజములకు ఇంటిపేరైనది. కథను వారు క్రొత్తగా నేర్వలేదు, పాటలను నేర్వలేదు. ఏ ఘట్టమున జనము కరగునో, ఎచ్చట నవ్వు కావలెనో వారి కుటుంబమునకు అంతకుమునుపే తెలియును. నేర్వవలసినది ఒక్కటే: పుల్లలు పట్టిన చేయి తానే పాత్రయొక్క చేయి కావలసివచ్చినది.

ఈ మార్పులో కొన్ని నష్టములును లేకపోలేదు. తెరపై ద్రౌపదికంటె ఎంతయో పెద్దవాడుగా నుండిన భీముడు రంగముపై ఆమెకంటె జానెడు మాత్రమే ఎత్తరి. దీపమునకు దగ్గఱగా లాగినంతనే బ్రహ్మాండముగా పెరుగు నీడను మనుష్యుడు చూపజాలడు. ఆ లోటును పూరించుటకే సురభివారు రంగులు చిత్రించిన పరదాలను, తీగెలపై ఎగురు పాత్రలను, బాణములు ఎదురెదురుగా వచ్చి తాకి మెఱయు యుద్ధములను, మాయాబజారులోని చిత్రవిచిత్రములను కల్పించిరని నా యభిప్రాయము. వీనిని పార్సీ నాటకముల అనుకరణముగా మాత్రమే భావించువారు, అద్భుతము లేని ఆట ఆ కుటుంబములు ఏ కాలమునను ఆడియుండలేదన్న సంగతిని మఱచుచున్నారు.

లాభములలో శ్రేష్ఠమైనది స్త్రీ. తక్కిన సమాజములలో పురుషులే స్త్రీవేషములు ధరించుచుండిన కాలమున, స్థానము నరసింహారావుగారి వంటి మహానటులు ఆ వేషములతోనే కీర్తి గడించిన కాలమున, సురభి రంగముపై ద్రౌపదిగా స్త్రీ నిలిచినది. ఇందుకై సంస్కరణోద్యమము నడపవలసిన యవసరము వారికి కలుగలేదు. తెరవెనుక ద్రౌపదియై పాడుచుండిన కంఠము తెరముందునకు వచ్చినది, అంతమాత్రమే. 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ వెలువడినప్పుడు అందు లీలావతిగా నటించి పాడినది సురభి కమలాబాయి. మదరాసులో నటరాజ మొదలియారు 1917-18 ప్రాంతమున తీసిన మూకీ చిత్రమునకును కీచకవధయే కథావస్తువు. అందు పాట లేదు గనుక, వంటయింటి ఘట్టము ఎట్లు నిలిచినదో ఊహింపవలసినదే. ఆ చిత్రము నేడు దొరకదు.

సురభి సమాజములు కాలక్రమమున పదుల సంఖ్యకు పెరిగి మరల తగ్గినవి; హైదరాబాదున శేరిలింగంపల్లియందు ఆ కుటుంబములు నేటికిని నాటకములాడుచున్నవి. రంగమెక్కక బొమ్మలతోనే నిలిచిపోయినవారి గతి వేఱు. ధర్మవరము సమీపముననున్న నిమ్మలకుంటలోను, కాకినాడయొద్ద మాధవపట్టణములోను ఆ విద్య బ్రదికియున్నది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారిని 2020లో పద్మశ్రీ వరించినది. అయినను అచ్చట తోలుతో దీపపుతొడుగులు చేసి అమ్మిననే గాని సంసారము గడచుట కష్టము. ఆటకు పిలుపు వచ్చినను, నగరములలోని సభలవారు ఇచ్చునది గంట, ఒక్కొక్కప్పుడు అంతకంటెను తక్కువ. ఆ గంటలో కథనంతయు చూపవలెనన్న తొందరలో వినాయకస్తుతి రెండు నిమిషములు, సభ నాలుగు నిమిషములు, యుద్ధము పది నిమిషములుగా ముక్కలు చేయుచున్నారు. పాటకు ముందుగా ముద్రించిన ధ్వనిని వాడుచున్నారు. రాత్రియంతయు పెరిగిన ఆట మరల జాతరలోని తునుకగా మాఱుట సహజమే యనిపించును గాని, జాతరలో సయితము పాడినది మనుష్యుడే.

ఆహ్వానించు సభలవారికిని, ఆడువారికిని నాదొక మనవి. గంటయే యున్నచో కీచకవధను మొత్తము ఆడింపవద్దు. కథను మొదట నాలుగు వాక్యములలో చెప్పించి, తెరపై ఇద్దఱినే నిలిపి, వంటయింటి ఘట్టమును పూర్తి నిడివితో, ఎదుట కూర్చుండి పాడు స్త్రీకంఠముతో, హార్మోనియముతో మద్దెలతో ఆడింపుడు. నడుమ బంగారక్కకు అయిదు నిమిషములిండు. కీచకుని చావు రేపటి గంటకు మిగిలినను ఎవరును తప్పుపట్టరు. చూచినవారే రెండవ గంటను కోరుదురు, రెండు మూడు కోరిన పిమ్మట ఆటకు పట్టు కాలమును నిర్ణయించువారు సభలవారు గాక మరల ఆటగాండ్రే యగుదురు.