ఆవిరి, రసాయనం, నూనె రాబడి: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దున పామాయిల్ చరిత్ర

1. ఉపోద్ఘాతం

తెలుగువారి ఇళ్లలో ఆముదానికి రెండు పేర్లు ఉండేవి. గింజలను గానుగలో ఆడించి తీసినది గానుగాముదం. అవే గింజలను వేయించి, దంచి, నీటిలో ఉడికించి, పైకి తేలిన నూనెను తేర్చి తీసినది వంటాముదం. బాలింతలకూ పసిపిల్లలకూ వంటాముదమే వాడేవారు. మొదటి పద్ధతి బలాన్ని నమ్ముకున్నది, రెండవది వేడినీటిని నమ్ముకున్నది. వేడి తగిలితే నూనె పలుచబడుతుంది, గింజలోని మాంసకృత్తులు గడ్డకట్టి నూనెను విడిచిపెడతాయి. ఈ శాస్త్రం పుస్తకాలకెక్కక ముందే పొయ్యి దగ్గర తెలిసిన విషయం.

మధ్యభారత అటవీ సమూహాలలో ఇప్ప పలుకుల నూనె తీసే పద్ధతి మరొక అడుగు ముందుకు వేసింది. దంచిన పలుకులను మరుగుతున్న కుండ మీద బుట్టలో ఉంచి ఆవిరి పట్టించి, ఆ తరువాతనే రెండు దుంగల నడుమ నొక్కుతారు. ఆవిరి, ఒత్తిడి అనే ఈ వరుసనే నేడు అశ్వారావుపేట ప్రాంతపు పామాయిల్ మిల్లులు ఉక్కు పాత్రలలో పాటిస్తున్నాయి. నూనె రాబడిని పెంచడానికి ఆవిరినీ రసాయనాన్నీ జతచేసిన ఈ పరిశ్రమ ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దుకు ఎలా వచ్చిందో, ఆ జతలో ఏది ముందు, ఏది వెనుక అనే ప్రశ్న రైతు ధరను ఎలా నిర్ణయిస్తున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పంట రాక

ఆయిల్ పామ్ పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. 1848లో జావాలోని బోగోర్ ఉద్యానవనంలో నాటిన నాలుగు మొక్కల సంతతి ఆగ్నేయాసియా తోటలకు మూలమైంది. మన దేశంలో వాణిజ్య స్థాయి సాగు 1970లలో కేరళ, అండమాన్‌లలో మొదలైంది. తెలుగు నేలకు ఈ పంట తోటల కంపెనీల ద్వారా కాక చిన్న, మధ్యతరహా రైతుల ద్వారా వచ్చింది. ఇది గమనించదగిన తేడా. అడవి నరికి వేసిన ఎస్టేట్ల స్థానంలో ఇక్కడ బోరుబావుల కింద మెట్టభూములు పామాయిల్ తోటలయ్యాయి. ఏ రైతు గెల కోసినా అది మరొకరి మిల్లుకే చేరాలి.

ఈ పరాధీనతను గుర్తించే 1993లో ఆంధ్రప్రదేశ్ ఆయిల్ పామ్ చట్టం వచ్చింది. ప్రతి మిల్లుకూ ఒక ప్రాంతాన్ని కేటాయించి, ఆ ప్రాంతపు గెలలను కొనే బాధ్యతను మిల్లుకూ, అక్కడే అమ్మే బాధ్యతను రైతుకూ ఆ చట్టం అప్పగించింది. 1995లో పశ్చిమ గోదావరి జిల్లా పెదవేగిలో జాతీయ ఆయిల్ పామ్ పరిశోధన కేంద్రం ఏర్పడింది. ఖమ్మం నగరంలో నేడు కలిసిపోయిన ఖానాపురం హవేలి వైపు నుంచి వైరా, తల్లాడ, కల్లూరు, సత్తుపల్లి మీదుగా తూర్పునకు సాగే దారి చివర అశ్వారావుపేట ఉంది. అక్కడి ఆయిల్‌ఫెడ్ మిల్లు, 2017లో దమ్మపేట మండలం అప్పారావుపేటలో ప్రారంభమైన మిల్లు ఈ ప్రాంతపు గెలలకు గమ్యస్థానాలు.

3. ఆవిరి చేసే పని

గెల మిల్లుకు చేరగానే మొదట ప్రవేశించేది ఆవిరి పాత్రలోకి. దాదాపు 3 కిలోల పీడనం వద్ద, 130 నుంచి 140 డిగ్రీల వేడిలో, గంట నుంచి గంటన్నర సేపు గెలలు ఉడుకుతాయి. దీనిని ఉడికించడం అని మాత్రమే చూస్తే అసలు విషయం తప్పిపోతుంది. పండు గుజ్జులో లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. గెల కోసిన క్షణం నుంచి, ముఖ్యంగా పండు నలిగిన చోట, అది నూనెను విడగొట్టి స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. ఆవిరి ఆ ఎంజైమ్‌ను చంపుతుంది. దానితోపాటు పండ్లను గెల నుంచి వదులు చేస్తుంది, గుజ్జును మెత్తబరుస్తుంది, లోపలి పలుకు పెంకు నుంచి విడివడేందుకు సిద్ధం చేస్తుంది. గుజ్జును నొక్కగా మిగిలిన పీచు, పెంకులు బాయిలర్‌లో ఇంధనమవుతాయి. అంటే గెల తనను ఉడికించే ఆవిరిని తానే పుట్టించుకుంటుంది. ఈ విషయంలో పామాయిల్ మిల్లు పొదుపును మించిన నూనె పరిశ్రమ అరుదు.

తరువాత మరను దాటి వచ్చే ద్రవం శుద్ధ నూనె కాదు. నూనె, నీరు, పీచు ముక్కలు కలగలిసిన చిక్కని ముద్ద అది. దానికి వేడినీరు కలిపి పలుచన చేస్తేనే నూనె పైకి తేలుతుంది. చిక్కదనాన్ని వేడితో జయించడమనే ఈ సూత్రమే భూగర్భ చమురు రంగంలోనూ కనిపిస్తుంది. 1959లో వెనిజులాలోని మెనే గ్రాండే క్షేత్రంలో షెల్ సంస్థ ఆవిరిని భూమిలోకి పంపుతుండగా, పీడనం తగ్గించడానికి తెరిచిన బావులు అనుకోకుండా చిక్కని చమురును ధారాళంగా వెలికి తెచ్చాయి. ఆవిరిని కొంతకాలం పంపి, ఆపి, అదే బావి నుంచి చమురు తోడే పద్ధతికి ఆ ఘటనే నాంది. మన దేశంలో రాజస్థాన్‌లోని బాఘేవాలా క్షేత్రంలో ఆయిల్ ఇండియా ఈ పద్ధతిని అనుసరించింది. వేడి చమురును పలుచన చేస్తుంది గాని రాతి రంధ్రాలకు అంటుకున్న చమురును పూర్తిగా విడిపించలేదు. అందుకని ఆవిరితో పాటు క్షారాలనూ, సబ్బు వంటి ఉపరితల క్రియాశీల పదార్థాలనూ, ద్రావణులనూ జతచేసే ప్రయోగాలు జరిగాయి. గోదావరి డెల్టా ప్రధానంగా సహజవాయువుకు పేరుపడింది కనుక తెలుగు నేల మీద ఆవిరి, రసాయనాల జోడీ చరిత్రను బావుల దగ్గర కంటే మిల్లుల దగ్గరే వెతకవలసి ఉంటుంది.

4. రసాయనం పాత్ర

మరలో నొక్కిన తరువాత కూడా పిండిలో కొంత నూనె మిగిలిపోతుంది. దానిని రాబట్టేది హెక్సేన్ వంటి ద్రావణి. ద్రావణి నూనెను కరిగించి తీసుకుపోతుంది, పిండిలో చిక్కిన ద్రావణిని తిరిగి ఆవిరి వెళ్లగొడుతుంది. తవుడు నూనె పరిశ్రమ ఈ కూర్పుకు మంచి ఉదాహరణ. వడ్లు ఆడించగానే తవుడులోనూ లైపేజ్ పనిచేయడం మొదలుపెడుతుంది. తవుడుకు ఆవిరి పట్టించి నిలకడ తేకుండా ద్రావణి సంగ్రహణకు పంపితే దక్కేది ఆమ్లం నిండిన నల్లని నూనె. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ తవుడు నూనెలోని జిగురును ఎంజైమ్ సహాయంతో తొలగించే పద్ధతిని రూపొందించి పరిశ్రమకు అందించింది. ఒక ఎంజైమ్‌ను ఆవిరితో చంపి, మరొక ఎంజైమ్‌ను పనిలో పెట్టుకోవడం ఈ పరిశ్రమలోని చమత్కారం.

ముడి పామాయిల్‌ను కాకినాడ వంటి రేవు పట్టణాల శుద్ధి కర్మాగారాలలో ఫాస్ఫారిక్ ఆమ్లంతో కలిపి జిగురు తీస్తారు, రంగు పీల్చే మట్టితో తెల్లబరుస్తారు, చివరకు శూన్యపీడనంలో 240 నుంచి 260 డిగ్రీల వద్ద ఆవిరి పంపి వాసననూ స్వేచ్ఛా ఆమ్లాలనూ వెళ్లగొడతారు. ముడి నూనెకు ఎర్రదనమిచ్చే కెరోటిన్లు ఈ దశలో నశిస్తాయి. ముడి నూనెలో ఆమ్లం 5 శాతం మించకూడదన్నది వాణిజ్య నియమం. ఆమ్లం ఎంత పెరిగితే శుద్ధిలో అంత నూనె పోతుంది. కాస్టిక్ సోడాతో తటస్థీకరిస్తే ఆమ్లం సబ్బుగా మారి మంచి నూనెను కూడా తనతో తీసుకుపోతుంది. మొదటి ఆవిరి ఆలస్యమైతే ఆ ఆలస్యానికి మూల్యం చివరి రసాయనం దగ్గర చెల్లించవలసి వస్తుంది. రసాయనం ఆ తప్పును కప్పిపుచ్చగలదు, పోయిన నూనెను తిరిగి తీసుకురాలేదు.

5. శాతం మీద తగాదా

రైతులూ పత్రికలూ ఓఈఆర్ అని పిలిచే నూనె రాబడి శాతం ఇక్కడ కేవలం సాంకేతిక అంకె కాదు. గెలల ధర ముడి పామాయిల్ ధరతో పాటు ఈ శాతం మీద కూడా ఆధారపడింది. 100 టన్నుల గెలల నుంచి 18 టన్నుల నూనె రావడానికీ 19 టన్నులు రావడానికీ మధ్య ఒక్క శాతమే తేడా. 10 టన్నులు తోలిన రైతు లెక్కలో అది 100 కిలోల నూనె.

2014 విభజనలో కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. అశ్వారావుపేట తెలంగాణలో మిగిలింది. ఒకే రకం నేల, ఒకే పంట, నడుమ రాష్ట్ర సరిహద్దు. తెలంగాణలో లెక్కించే శాతం ఎక్కువగా ఉండడంతో ఆంధ్రప్రదేశ్ రైతులు తమకూ అదే ధర కావాలని కోరారు. 2019లో అక్కడి ప్రభుత్వం ధరల వ్యత్యాసాన్ని భర్తీ చేయడానికి నిధులు ప్రకటించింది. న్యాయమైన ఉపశమనమే. కాని శాతం ఎందుకు తగ్గిందన్న ప్రశ్న నిధులతో తీరదు. పక్వానికి రాని గెల కోయడం, రాలిన పండ్లను ఏరకపోవడం, నీటి ఎద్దడి, కోసిన గెల తోట గట్టున రెండు రోజులు పడి ఉండడం, మిల్లు ముందు లారీల బారు, మరలో పీచుతో పోయే నూనె, ఇన్ని కారణాలు ఆ ఒక్క అంకెలో కలిసిపోతాయి. వీటిలో కొన్ని రైతు చేతిలోవి, కొన్ని మిల్లు చేతిలోవి. ప్రాంతమంతటికీ ఒకే శాతం కట్టినప్పుడు జాగ్రత్తగా కోసిన రైతు, నిర్లక్ష్యంగా కోసిన రైతు ఒకే ధర పొందుతారు, మిల్లు నష్టం ఇద్దరికీ పంచబడుతుంది.

వానాకాలంలో ఈ చిక్కు ముదురుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గెలల రాక ఉద్ధృతంగా ఉంటుంది, ఆవిరి పాత్రల సామర్థ్యం మాత్రం మారదు. కోసిన 24 గంటలలోగా గెల ఆవిరికి చేరాలన్న సూత్రం అప్పుడే తేలికగా తప్పుతుంది.

2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో వంటనూనెల జాతీయ మిషన్–ఆయిల్ పామ్‌ను ఆమోదించింది. ఆ తరువాత తెలంగాణలో సాగు ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలను దాటి, ఈ పంటను ఎన్నడూ ఎరుగని ఉత్తర, పడమటి జిల్లాలకు విస్తరించింది. మొక్క నాటిన నాలుగవ ఏట గెల వస్తుంది. అంతలోగా దగ్గరలో మిల్లు లేవకపోతే ఆ గెల దూరపు మిల్లుకు లారీ మీద బయలుదేరాలి, లైపేజ్ మాత్రం దారి పొడవునా తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.