గంజాము సీమలో శ్రమకాలము

మామిడి పూత పిందెగట్టు వేళకు క్రైస్తవుల శ్రమకాలము వచ్చును. బూడిద బుధవారము మొదలు పునరుత్థాన పండుగ ముందటి శనివారము వరకు లెక్కింపగా నలువదియారు దినములు. నడుమనున్న ఆరు ఆదివారములు ప్రభుదినములగుటచే ఉపవాసమునకు చేరవు, మిగిలినవి నలువది. కథోలికులు దీనిని తపస్సుకాలమందురు. వారి నోట ఆ బుధవారము విభూతి బుధవారమైనది. నొసటి బూడిదకు తెలుగువారు వేరొక మాట వెదకికొనవలసిన పని లేకపోయెను.

అయితే మన సీమకు వచ్చిన బోధకులలో బాప్తిస్టులుండిరి. సంఘ పంచాంగము వారికి విధి కాదు. 1822లో ఒరిస్సా చేరిన విలియం బాంప్టన్, 1827 డిసెంబరు 25న బరంపురములో ఎరున్ అను తెలుగువానికి బాప్తిస్మమిచ్చెను. ఆ మిషనులో హైందవ సమాజమునుండి చేరిన మొదటివా డితడే. ఒడియా బ్రాహ్మణుడగు గంగాధరుడు చేరినది 1828లో. దొరలు ఎరున్ అని వ్రాసినది మన నోట ఎర్రన్నయో, ఎర్రయ్యయో! నీట మునుగుట క్రీస్తుతో పాతిపెట్టబడుటయనియు, పైకి లేచుట ఆయనతో లేచుటయనియు వారి బోధ. కావున నలువది దినముల త్రోవను ఎరున్ ఒక్క మునకలో నడచెననవచ్చును.

మరి పంచాంగము విధింపని శ్రమకాలము మన తెలుగు ఇండ్లలో నెట్లు నిలిచెను? పాటవలన నిలిచెనని నా తలంపు. పర్లాకిమిడి ప్రాంతమున స్థిరపడిన వంగదేశీయ బ్రాహ్మణ కుటుంబమునకు చెందిన పురుషోత్తమ చౌధరి (1803–1890) 1833లో బాప్తిస్మము పొంది, తెలుగులో కీర్తనలు రచించెను. పూర్వులు పరభాషవారైనను ఆయన కీర్తనలకు తెలుగే నాలుకయైనది. పల్లవియు, చరణములును, రాగతాళములును గల ఆ కీర్తనలలో గెత్సేమనే తోట, పిలాతు సభ, గొల్గొతా కొండ పరదేశములుగా దోపవు. దైవమును ఆర్తితో పిలుచుట, శరణు వేడుట రామదాసు నాటినుండి మన చెవికి అలవడిన రీతియే గదా! తెలుగు బైబిలు సంపూర్ణముగా వెలువడుటకు మునుపే క్రీస్తు శ్రమలు పాటగా మన సీమలో వినబడినవి.

1936 ఏప్రిల్ 1న గంజాము ఒరిస్సాలో చేరెను. బడి భాష మారినది. తెలుగు అక్షరములు కూడబలుకుకొను పిల్లలు సైతము శుభ శుక్రవారమునాడు పెద్దల ప్రక్కన నిలిచి శ్రమకీర్తనలు చూడకయే పాడుదురు. కంఠస్థమైన దానికి లిపితో పనిలేదు. కాని పాడు పెద్దలు తగ్గినచో ఆ పాట ఎవరి నోట నేర్తురు? 1974లో ఏర్పడిన బరంపురము కథోలిక మేత్రాసనమున ఒడియా మొదలగు భాషల ప్రార్థనలును గలవు, అది సహజమే. మన భాగము మనము పాడుకొనుటకు ఎవ్వరును అడ్డుపడుట లేదు.

శుభ శుక్రవారమున మధ్యాహ్నము పండ్రెండు మొదలు మూడు గంటల వరకు సిలువపై పలికిన ఏడు మాటలను ఒక్కొక్కటిగా ధ్యానింతురు. ఎండ మండిపోవుచుండును, పెక్కుమంది పచ్చి మంచినీరు ముట్టరు. శనివారము మాటలేని దినము. ఆదివారము తెల్లవారకమున్నే క్రొవ్వొత్తులు, పూలు చేతబట్టి సమాధుల తోటకు పోవుదురు. అచట తాతముత్తాతల పేళ్లు తెలుగులో చెక్కిన రాళ్లున్నవి. మనుమలు ఆ యక్షరములను వ్రేలితో దిద్దుచు, ఇది యెవరి పేరని యడుగుచుందురు. అంతలో ఎవరో కీర్తన నెత్తుకొందురు.